ఆస్ట్రేలియా పిల్లల జైళ్ళలో సగానికి పైగా ఆదివాసీ పిల్లలే ఎందుకున్నారు?

ముందు మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తా, చదివేవాళ్ళకి తెలియాలి కదా. మీరు సిడ్నీలో స్కోఫీల్డ్స్ వైపు ఇల్లు కొన్నారు, ఈ మధ్య మీ వీధిలో రెండు కార్లు పోయాయి, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఇదంతా ఆ అబొరిజినల్ పిల్లల పనే" అన్నారు, ఇంకొకాయన పిల్లల జైళ్ళలో సగానికి పైగా వాళ్ళే ఉన్నారని ఒక న్యూస్ లింకు పెట్టారు. "వాళ్ళ రక్తంలోనే ఉందా, లేకపోతే పోలీసులు పగబట్టారా, డొంకతిరుగుడు లేకుండా చెప్పండి" అన్నారు.

నేను పదిహేనేళ్ళుగా యూత్ జస్టిస్‌లో, అంటే కేసుల్లో పడిన పిల్లల్ని చూసుకునే ప్రభుత్వ శాఖలో, కేస్‌వర్కర్‌ని. మొదట నాలుగేళ్ళు డబ్బో వైపు, ఆ తర్వాత వెస్టర్న్ సిడ్నీ. కోర్టు బయట బెంచీల మీద కూర్చుని నేను తాగిన కాఫీలకి లెక్క లేదు. మీరు ఇచ్చిన రెండు ఆప్షన్లూ నా అనుభవంలో సరిపోవండీ. రక్తం మాట శుద్ధ అబద్ధం. పోలీసుల పగ అనేది కొన్నిచోట్ల నిజమే, కానీ పగే మొత్తం కారణం అయితే నా పని చాలా తేలికయ్యేది, పగబట్టిన నలుగుర్నీ తీసేస్తే సరిపోయేది. అసలు సంగతి ఏంటంటే ఇక్కడ పిల్లాడు ఒక పెద్ద నేరం చేసి ఒక్క దూకుతో జైల్లో పడడు. పది చిన్న గేట్లుంటాయి, ప్రతి గేటు దగ్గరా తెల్లపిల్లాడు ఇంటికి పోయే ఛాన్సు కొంచెం ఎక్కువ, ఆదివాసీ పిల్లాడు లోపలికి పోయే ఛాన్సు కొంచెం ఎక్కువ, పదో గేటు దాటేసరికి మీ న్యూస్ లింకులో ఉన్న లెక్క తయారవుతుంది.

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. దేశం మొత్తం మీద 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో ఆదివాసీ, టారెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల పిల్లలు నూటికి ఆరుగురు ఉంటారు. డిటెన్షన్ సెంటర్లలో మాత్రం నూటికి అరవై మందికి పైనే. చాలామంది ఇక్కడ "అయితే పది రెట్లు" అంటారు, అది తప్పు, మిగతా 94 మందిలోంచి వచ్చింది నలభై మందే కదా, దాంతో పోల్చాలి, అప్పుడు ఇరవై రెట్లు దాటుతుంది. నార్తర్న్ టెరిటరీలో అయితే లోపలున్నవాళ్ళు దాదాపు అందరూ వాళ్ళే. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే సంగతి వేరే ఉంది. ఏ రాత్రి తీసుకున్నా దేశం మొత్తంలో లాకప్‌లో ఉండే పిల్లలు సుమారు 800 మంది, అందులో వీళ్ళు ఐదొందల చిల్లర. మన వైపు ఒక మాదిరి పెళ్ళికి వచ్చే జనం అంతే. ఒక కళ్యాణమండపంలో కూర్చోబెట్టి పేరుపేరునా పిలిచి మాట్లాడగలిగినంత మంది. ఒక్కో పిల్లాడిని లోపల ఉంచడానికి రోజుకి 2,500 డాలర్లకి పైనే ఖర్చు, ఏడాదికి దగ్గర దగ్గర 10 లక్షల డాలర్లు. ఈ డబ్బుతో వాడి కుటుంబానికి స్కోఫీల్డ్స్‌లోనే ఇల్లు కొనిపెట్టొచ్చు అని మా ఆఫీసులో ఒక పాత జోకు, ఇప్పుడు ఎవరూ నవ్వట్లేదు.

ఇంకోటి, ఈ 800 మందిలో పదికి ఎనిమిది మందికి దగ్గరగా అసలు శిక్ష పడినవాళ్ళు కారు. రిమాండ్. కేసు ఇంకా తేలలేదు. మనకిది కొత్తేం కాదు, 2022 లెక్కల్లో మన దేశం జైళ్ళలో 75 శాతం అండర్‌ట్రయల్సే. కానీ ఇక్కడ కోర్టులు మనలాగా ఏళ్ళ తరబడి సాగవు, అయినా పిల్లలు రిమాండ్‌లో ఉంటున్నారంటే ఎందుకో చూడాలి.

ఒక పిల్లాడి కథ చెప్తా, వాణ్ణి ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. పేరొద్దు, చిన్నోడు అందాం. పదమూడేళ్ళు, సన్నగా ఉంటాడు, రగ్బీ జెర్సీ వాడి మోకాళ్ళదాకా వస్తుంది. పశ్చిమాన ఒక చిన్న టౌన్. షాపులో రెండు ఎనర్జీ డ్రింకులూ ఒక చిప్స్ ప్యాకెట్టూ ఎత్తాడు, ఇంకో రోజు అన్నయ్య వరస కుర్రాళ్ళు ఎవరిదో కారు తీసుకొస్తే వెనక సీట్లో కూర్చున్నాడు. రెండూ తప్పే, నేను కాదనట్లా. బెయిల్ ఇచ్చారు, కండిషన్లు రాశారు. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా అమ్మమ్మ ఇంట్లోనే ఉండాలి. రోజూ స్కూలుకి వెళ్ళాలి. తనతో కేసులో ఉన్న ఇద్దరితో కలవకూడదు.

చదవడానికి బాగానే ఉంది కదా. ఆ ఇద్దరిలో ఒకడు వాడి సొంత పెద్దమ్మ కొడుకు, అదే ఇంట్లో అదే గదిలో పక్క పరుపు మీద పడుకుంటాడు. స్కూలు వాణ్ణి అప్పటికే ఇరవై రోజులు సస్పెండ్ చేసి ఉంది. మూడు గదుల ఇంట్లో తొమ్మిది మంది. ఒక శనివారం రాత్రి మేనమామ తాగొచ్చి గొడవ చేస్తుంటే అమ్మమ్మే వీణ్ణి "పోరా, చిన్నమ్మమ్మ ఇంటికి పోయి పడుకో" అని రెండిళ్ళ అవతలికి పంపింది. మన ఇళ్ళల్లో ఏ అమ్మమ్మైనా అదే చేస్తుంది. రాత్రి పదకొండింటికి పోలీసులు తలుపు కొట్టారు, కర్ఫ్యూ చెక్. చిన్నోడు లేడు. చిన్నమ్మమ్మ ఇంట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి తీసుకెళ్ళారు. ఆదివారం వీడియోలో మెజిస్ట్రేట్ ముందు కూర్చోబెట్టారు, మళ్ళీ బెయిల్, మళ్ళీ అవే కండిషన్లు. మూడు నెలల్లో ఇలా ఐదుసార్లు. చివరికి అసలు కేసు తేలిన రోజు మెజిస్ట్రేటు మందలించి పంపేశారు, ఒక్క రోజు కూడా శిక్ష వేయలేదు. కానీ అప్పటికే వాడు మొత్తం 19 రాత్రులు లోపల పడుకున్నాడు, అందులో కొన్ని 300 కిలోమీటర్ల అవతల డిటెన్షన్ సెంటర్లో. రికార్డులో ఇప్పుడు ఐదు బ్రీచ్‌లు, అంటే కండిషన్ తప్పిన సందర్భాలు, ఉన్నాయి, తర్వాతిసారి ఏం జరిగినా ఆ ఐదూ చూసి "వీడు బెయిల్‌కి లొంగడు" అంటారు.

ఇదండీ గేటు అంటే. ఆ కాగితం రాసిన ఆఫీసరుకి పగ ఏమీ లేదు, పాపం రాత్రి డ్యూటీలో టెంప్లేటులోంచి మూడు లైన్లు కాపీ చేసి ఉంటాడు. నలుగురుండే ఇంట్లో, పక్క వీధిలో చుట్టాలెవరూ లేని తెల్లపిల్లాడికి అదే టెంప్లేటు సరిపోతుంది. ఇంకా దారుణం ఏంటంటే బెయిల్ వచ్చినా కూడా పంపడానికి సరైన ఇల్లు దొరకలేదని లోపలే ఉంచే సెక్షన్ ఉంది న్యూ సౌత్ వేల్స్‌లో, అంటే సిడ్నీ ఉన్న మా రాష్ట్రంలో. ఇల్లు లేకపోవడం నేరం కాదు, కానీ దాని కోసం లోపలుంటాడు.

దీనికంటే ముందున్న గేటు ఇంకా తమాషా. న్యూ సౌత్ వేల్స్‌లో 1997 నాటి యంగ్ అఫెండర్స్ చట్టం ఉంది, మంచి చట్టం, చిన్న తప్పులకి పిల్లల్ని కోర్టుదాకా తీసుకెళ్ళకుండా వార్నింగ్, కాషన్ (లాంఛనంగా మందలించి వదలడం), కాన్ఫరెన్స్ (బాధితులతో కూర్చుని మాట్లాడి తేల్చుకోవడం) అని మెట్లు పెట్టింది. కాకపోతే కాషన్ కావాలంటే పిల్లాడు "అవును, నేనే చేశా" అని ఒప్పుకోవాలి. పోలీసుల ముందు ఏమీ ఒప్పుకోవద్దు అనేది ఆదివాసీ కుటుంబాలు తరాల తరబడి దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం, వాళ్ళ లాయర్లు కూడా ముందు నోరు మెదపొద్దనే చెప్తారు. నోరు మెదపనివాడికి కాషన్ రాదు, కోర్టుకి పోతాడు. అమ్మానాన్నలు పక్కన కూర్చుని "చెప్పెయ్‌రా, సారీ చెప్పు" అనే పిల్లాడు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. చట్టం ఇద్దరికీ ఒకటే.

అలాగని పోలీసులని పూర్తిగా వదిలేయను. కొంచెం గంజాయితో దొరికినవాళ్ళని కోర్టుకి పంపకుండా కాషన్‌తో వదిలేసే పద్ధతి ఉంది ఇక్కడ. 2013 నుంచి 2017 మధ్య న్యూ సౌత్ వేల్స్‌లో ఆదివాసీల్లో నూటికి ఎనభై మందికి పైగా కోర్టుకి వెళ్ళారు, మిగతావాళ్ళలో సుమారు సగం మందే. గంజాయి అదే.

ఇంకో గేటు, మాట. దీని గురించి మనవాళ్ళకి చెప్తే టక్కున అర్థమవుతుంది, తెల్లవాళ్ళకి చెప్పడానికే నాకు కష్టం. మనకి ఊఁ కొట్టడం తెలుసు కదా, కథ చెప్తుంటే పిల్లలు ఊఁ ఊఁ అంటారు, వింటున్నారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. ఆదివాసీ పిల్లలు కూడా పెద్దవాళ్ళు, అందులోనూ యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఏమడిగినా "యెస్" అనేస్తారు, ఆ మాట అయిపోతే వెళ్ళిపోవచ్చు అని. "నువ్వు అక్కడున్నావా?" యెస్. "కిటికీ పగలగొట్టావా?" యెస్. "కండిషన్లు అర్థమయ్యాయా?" యెస్. ఒకసారి నేను బెయిల్ కాగితం చదివి వినిపించాక ఒకడిని "సరే, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఏముంది ఇందులో" అంటే నేల చూస్తూ "ఏదో రాసుందిలే అంకుల్" అన్నాడు. పెద్దల ముందు తల దించుకోవడం వాళ్ళకీ మర్యాదే, మనూళ్ళో లాగే. కోర్టులో మాత్రం కళ్ళలోకి చూడకపోతే తప్పు చేసినట్టు, పశ్చాత్తాపం లేనట్టు. ఈ ఊఁ కొట్టే సంగతి కోర్టులకి తెలియక కాదు, నార్తర్న్ టెరిటరీ సుప్రీం కోర్టు 1976లోనే అనుంగా కేసులో పోలీసులు ఆదివాసీలని ఎలా ప్రశ్నించాలో రూల్సు రాసిపెట్టింది. యాభై ఏళ్ళవుతోంది.

దానికి తోడు చెవులు. పసితనం నుంచి చెవులు కారడం, ఇరుకు ఇళ్ళల్లో ఒకరి నుంచి ఒకరికి జలుబులు, చీము, మళ్ళీ చీము, స్కూలుకొచ్చే వయసుకి సగం వినపడదు. టీచరు పిలిస్తే పలకడు, పొగరు అంటారు. పోలీసు ఆగమంటే ఆగడు, పారిపోతున్నాడు అంటారు. డార్విన్, ఆలిస్ స్ప్రింగ్స్ జైళ్ళలో పెద్దవాళ్ళకి టెస్టు చేస్తే ఆదివాసీ ఖైదీల్లో 90 శాతానికి పైగా వినికిడి లోపం తేలింది. పెర్త్‌లో బ్యాంక్సియా హిల్ అనే పిల్లల జైలుంది, అక్కడ 99 మంది పిల్లల్ని డాక్టర్లు పరీక్ష చేసి 2018లో రిపోర్టు ఇచ్చారు, 89 శాతం మందికి మెదడు ఎదుగుదలలో ఏదో ఒక తీవ్రమైన లోపం ఉంది, 36 శాతం మందికి తల్లి కడుపులో ఉండగా మందు వల్ల జరిగిన నష్టం ఉంది. వాళ్ళలో చాలామందికి అంతకుముందు ఎవరూ ఈ పరీక్షే చేయలేదు. జైలుకి వచ్చాక డాక్టర్ దొరికాడన్నమాట.

ఇప్పుడు చరిత్ర. అందరూ ఇక్కడ ఆవలిస్తారు, మా ఇంట్లోవాళ్ళతో సహా. అయినా రెండు నిమిషాలు ఓపిక పట్టండి, ఎందుకంటే ఇది మీ పోస్టల్ అడ్రసులోనే ఉంది. మీ కౌన్సిల్ బ్లాక్‌టౌన్. ఆ పేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? గవర్నర్ మక్వారీ 1814-15లో పారమాటాలో ఆదివాసీ పిల్లల కోసం ఒక నేటివ్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టాడు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తెచ్చి అక్కడుంచి "నాగరికులు"గా తయారుచేద్దామని. 1823లో దాన్ని ఇక్కడికి మార్చారు. ఆ చుట్టుపక్కల ఆదివాసీలు ఉండే చోటు కాబట్టి బ్లాక్స్ టౌన్, అదే బ్లాక్‌టౌన్. తల్లుల నుంచి పిల్లల్ని వేరుచేసిన తొలి చోట్లలో ఒకటి మీరు రోజూ స్టేషన్‌కి డ్రైవ్ చేసే దారికి దగ్గర్లో ఉంది.

ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దం అదే పని దేశమంతా సాగింది. 1910 నుంచి 1970 మధ్య మూడింట ఒకరి నుంచి పదింట ఒకరి దాకా పిల్లల్ని బలవంతంగా తీసుకెళ్ళారని 1997 నాటి జాతీయ విచారణ అంచనా వేసింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది దీనికే. దీనికీ జైలుకీ లింకేంటి అంటారేమో. కస్టడీలో ఆదివాసీల చావుల మీద 1987లో రాయల్ కమిషన్ వేశారు, 1991లో రిపోర్టు, 99 మరణాలు పరిశీలించారు, ఆ 99 మందిలో 43 మంది చిన్నప్పుడు ఇంటి నుంచి వేరుచేయబడినవాళ్ళే. కమిషన్ చెప్పిన ముఖ్యమైన మాట ఏంటంటే, లోపలికి వెళ్ళాక వీళ్ళు మిగతా ఖైదీల కన్నా ఎక్కువగా చనిపోవట్లేదు, అసలు లోపలికే లెక్కకి మించి వెళ్తున్నారు, రోగం అక్కడుంది అని. 339 సిఫారసులు చేశారు, అరెస్టు ఆఖరి మార్గం కావాలి అని కూడా ఉంది అందులో. అప్పుడు పెద్దల జైళ్ళలో వీళ్ళ వాటా 14 శాతం. ఇప్పుడు మూడో వంతు.

ఇప్పటికీ పిల్లల్ని తీసుకెళ్తూనే ఉన్నారు, కాకపోతే చైల్డ్ ప్రొటెక్షన్ అంటారు. కొన్ని ఇళ్ళలో నిజంగా తీసుకెళ్ళాల్సిన పరిస్థితే ఉంటుంది, నేనే రిపోర్టు రాసిన సందర్భాలున్నాయి, ఆ రాత్రి నిద్రపట్టదు. కానీ తీసుకెళ్ళాక ఏమవుతుందో చూడండి. మీ అబ్బాయి కోపంలో కంచం విసిరి గోడకి సొట్ట పెడితే వాళ్ళమ్మ నాలుగు తిడుతుంది, మీరు వీకెండ్ బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి పుట్టీ తెచ్చుకుంటారు. రెసిడెన్షియల్ కేర్ హోములో అదే పిల్లాడు అదే కంచం విసిరితే షిఫ్టులో ఉన్న స్టాఫ్ రూలు ప్రకారం ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి, పోలీసులకి ఫోన్ చేయాలి, ప్రాపర్టీ డ్యామేజ్ కేసు. అలా పన్నెండేళ్ళకే నాలుగు కేసులున్న ఒక అమ్మాయి నా ఫైల్లో ఉండేది. నాలుగూ హోములోపలివే. కప్పులు, తలుపు, టీవీ రిమోటు.

రక్తం మాట అబద్ధం అని మొదట్లో గట్టిగా అన్నాను కదా, ఎందుకన్నానో చెప్తా. మాది చీరాల వైపు. చిన్నప్పుడు బాపట్ల నుంచి వచ్చే ప్యాసింజరు స్టువర్టుపురం స్టేషన్లో ఆగిందంటే మా అమ్మ కొంగు లాగి మెడ చుట్టూ కప్పుకునేది, మంగళసూత్రం కనపడకుండా. బోగీలో ఆడవాళ్ళందరూ అంతే, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. "వాళ్ళ రక్తంలోనే ఉంది" అన్న మాట నేను మొదట విన్నది ఆ రైల్లోనే. పెద్దయ్యాక చదివితే తెలిసింది, 1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, 1911 తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ పెట్టి, ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే నేరస్తులుగా రిజిస్టర్లో రాసుకున్నారు, వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి 1913లో పెట్టించిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం, స్టువర్ట్ అనేది దొరగారి పేరు. 1952లో చట్టం పోయింది. మా అమ్మ కొంగు మాత్రం 1985లో కూడా పోలేదు.

అందుకే 2017 ప్రాంతంలో న్యూ సౌత్ వేల్స్ పోలీసుల ఎస్‌టీఎంపీ లిస్టు గురించి బయటికొచ్చినప్పుడు నాకు ఆ రిజిస్టరే గుర్తొచ్చింది. ముందుముందు నేరం చేస్తారేమో అని పోలీసులు అనుకున్నవాళ్ళ పేర్లు ఆ లిస్టులో ఉంటాయి, పేరున్న పిల్లాడిని వీధిలో పదేపదే ఆపుతారు, సోదా చేస్తారు, వేళగాని వేళ ఇంటి తలుపు కొడతారు. పిల్లాడికి తన పేరు అందులో ఎందుకుందో తెలీదు. పోలీసుల మీద నిఘా పెట్టే కమిషన్ విచారిస్తే లిస్టులో ఉన్న పిల్లల్లో 72 శాతం ఆదివాసీలే అయ్యుండొచ్చని తేలింది. 2023లో పిల్లల మీద దాన్ని ఆపేశారు. రోజుకి నాలుగుసార్లు ఆపితే ఎవరి జేబులోనో ఏదో ఒకటి దొరుకుతుంది, లేదా నాలుగోసారికి వాడు ఒక బూతుమాట అంటాడు, దానికి ఇంకో కేసు. మీ అబ్బాయిని రోజూ నాలుగుసార్లు ఆపట్లేదు కాబట్టి మనకి తెలీదు.

వయసు గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తా. న్యూ సౌత్ వేల్స్‌లో పదేళ్ళు నిండితే క్రిమినల్ కేసు పెట్టొచ్చు. ఇది విని మన ఫ్రెండ్స్ ముక్కున వేలేసుకుంటారు గానీ ఇండియాలో ఇంకా తక్కువ, ఏడేళ్ళే, పన్నెండు లోపు అయితే వాడికి తెలిసే చేశాడా అని చూడాలి, కాకపోతే మన జువైనల్ చట్టం పిల్లల్ని విడిగా బోర్డు దగ్గరికి పంపుతుంది. ఇక్కడ నార్తర్న్ టెరిటరీ 2023లో వయసు 12కి పెంచింది, 2024లో కొత్త ప్రభుత్వం రాగానే మళ్ళీ 10కి దించేసింది. క్వీన్స్‌లాండ్ 2024 చివర్లో "పెద్దల నేరానికి పెద్దల శిక్ష" అని చట్టం తెచ్చింది, దానికి ముందే 2023లో తన సొంత మానవ హక్కుల చట్టాన్నే పక్కనపెట్టి పిల్లలు బెయిల్ కండిషన్ తప్పితే అదే నేరం అంది. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో 2024లో 14 దాటిన పిల్లలకి కొన్ని దొంగతనం కేసుల్లో బెయిల్ ఇంకా కష్టం చేశారు. రెండు పార్టీలూ ఇందులో ఒకటే, ఎలక్షన్ వచ్చిందంటే పిల్లల మీద కఠినంగా ఉంటాం అని పోటీ. 2031కల్లా డిటెన్షన్‌లో ఆదివాసీ పిల్లల రేటు 30 శాతం తగ్గిస్తాం అని 2020లో అన్ని ప్రభుత్వాలూ సంతకాలు పెట్టిన ఒప్పందం ఒకటుంది, దాని గురించి మా ట్రైనింగుల్లో తప్ప ఎక్కడా వినపడదు.

లోపల ఏం జరుగుతుందో కూడా రాయాలంటే ఇంకో రోజు కావాలి. ఆలిస్ స్ప్రింగ్స్ జైల్లో ఒక కుర్రాడిని తలకి ముసుగేసి కుర్చీకి కట్టేసిన దృశ్యం 2016 జూలైలో టీవీలో వచ్చింది, మర్నాడే ప్రధాని రాయల్ కమిషన్ ప్రకటించారు, 2017లో డార్విన్‌లోని డాన్ డేల్ అనే పిల్లల సెంటర్ మూసేయమని రిపోర్టొచ్చింది. అంతకుముందు 2000లో, పెన్నులూ రంగులూ దొంగిలించాడని తప్పనిసరి శిక్ష చట్టం కింద 28 రోజులు వేస్తే ఒక పదిహేనేళ్ళ పిల్లాడు డార్విన్‌లో లోపలే చనిపోయాడు. పేరు రాయట్లేదు, పోయినవాళ్ళ పేరు పలకకపోవడం అక్కడ చాలామంది ఆచారం.

మరి ఏది పనిచేస్తుంది? మీరు అడగలేదు గానీ చెప్తా, ఎందుకంటే నా పదిహేనేళ్ళలో నాకు నమ్మకం కలిగించింది ఇదొక్కటే. సిడ్నీకి దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో డార్లింగ్ నది ఒడ్డున బోర్క్ అని చిన్న టౌన్ ఉంది. అక్కడి ఆదివాసీ పెద్దలు అలిస్టర్ ఫెర్గుసన్ ముందుండి మరంగుకా అనే పని మొదలెట్టారు. వాళ్ళు ముందు చేసింది ఉపన్యాసాలు కాదు, మన పిల్లలు అసలు ఏ కారణాలతో లోపలికి పోతున్నారో లెక్క తీశారు. ఒక పెద్ద కారణం ఏం తేలిందో తెలుసా, లైసెన్స్ లేకుండా బండి నడపడం. బస్సులు లేని ఊరు, ఎక్కడికెళ్ళాలన్నా కారే. లైసెన్స్ ఎందుకు లేదంటే బర్త్ సర్టిఫికెట్ లేదు. నేర్పడానికి ఇంట్లో లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ళూ లేరు, వందకి పైగా గంటలు పక్కన కూర్చోబెట్టుకుని నడిపితేగానీ ఇక్కడ లైసెన్స్ రాదు. వీళ్ళు సర్టిఫికెట్లు తీయించారు, పక్కన కూర్చునే మనిషిని పెట్టారు. పోలీసులతో రోజూ పొద్దున్నే మీటింగు, రాత్రి ఎవరింట్లో గొడవైంది, ఏ పిల్లాడు స్కూలుకి రాలేదు అని. 2017కల్లా పిల్లల మీద ఎక్కువగా పెట్టే ఐదు రకాల కేసులు 38 శాతం తగ్గాయి, బడి మానకుండా పన్నెండో క్లాసు దాకా చదివేవాళ్ళు 31 శాతం పెరిగారు. కేపీఎంజీ అనే ఆడిటింగ్ కంపెనీవాళ్ళు లెక్కగట్టిన సంఖ్యలివి, మా లాంటి సోషల్ వర్కర్లు చెప్పినవి కావు. టీవీలో చూపించడానికి ఏమీ ఉండదు అందులో, ఒక గుమాస్తా పనిలా ఉంటుంది, అందుకే ఏ మంత్రీ దాన్ని ఎలక్షన్ పోస్టర్ మీద వేసుకోడు.

సరే, మీ కార్ల దగ్గరికొద్దాం. మీ వీధిలో కార్లు ఎవరు తీశారో మీకూ తెలీదు, నాకూ తెలీదు, గ్రూపులో పెట్టినాయనకీ తెలీదు. ఆ గ్రూపుల్లో వాళ్ళని మూడక్షరాలకి కుదించి రాసే మాట ఒకటుంది, దయచేసి అది వాడొద్దు, అది ఇక్కడ తిట్టు. అలాగని మీ భయాన్ని కొట్టిపారేయను. అర్ధరాత్రి హాల్లో ఎవరో తిరుగుతుంటే స్టాటిస్టిక్స్ గుర్తురావు. కారు తాళాలు గుమ్మం పక్కన హుక్కుకి తగిలించడం మానేయండి, చాలా కేసుల్లో పిల్లలు వెతికేది ఆ తాళాలే.

ఒకవేళ దొరికిన పిల్లాడిని కాన్ఫరెన్స్‌కి పంపితే మీకు ఉత్తరం వస్తుంది, బాధితులుగా మీరు కూడా వచ్చి కూర్చోవచ్చు అని. మనవాళ్ళు నూటికి తొంభై మంది వెళ్ళరు, ఎందుకొచ్చిన గొడవ అని. నాకు తెలిసి ఒక తెలుగావిడ వెళ్ళారు, నెల్లూరు వైపు, నర్సు, నైట్ షిఫ్టు చేసి నిద్ర లేకుండా నేరుగా వచ్చారు. కారు రెండు రోజుల తర్వాత దొరికింది గానీ బంపరు పోయింది, లోపలి సామాన్లు పోయాయి. పద్నాలుగేళ్ళ కుర్రాడు, పక్కన వాళ్ళ అమ్మమ్మ. ఆవిడ ఇంగ్లీషులో మొదలెట్టి కోపం ఎక్కువయ్యేసరికి తెలుగులోకి వచ్చేశారు, నేను పక్కనుండి ట్రాన్స్‌లేట్ చేయాల్సొచ్చింది, కొన్ని మాటలు మింగేశాను. "తెల్లారుజామున డ్యూటీ దిగి బస్సుల్లేక నడిచొచ్చాను, మూడు వారాలు" అని ఆవిడంటే ఆ కుర్రాడు మొదటిసారి తలెత్తి చూశాడు. కారంటే వాడికి కారే, దాని వెనక ఒక మనిషి నడిచి ఇంటికెళ్ళడం వాడి బుర్రలో లేదు. అప్పుడు ఆ అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి టిష్యూలో చుట్టిన చిన్న వినాయకుడి బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. డ్యాష్‌బోర్డు మీద ఉండేది. వాడు జేబులో వేసుకొచ్చాడట, ఇది ఎవరి దేవుడో, మనింట్లో ఉంచుకోకూడదు, తిరిగివ్వాలి అని ఆవిడ దాచిపెట్టిందట.

ఇరవై గంటలు కమ్యూనిటీ సెంటర్లో పని, బంపర్ ఖర్చులో కొంత, ఒక ఉత్తరం, ఇదీ ప్లాను. నర్సుగారు ఒప్పుకుంటేనే ఖాయం అవుతుంది కాబట్టి బేరం కూడా ఆడారు, ఇరవై గంటలు ముప్పై చేశారు. ఆ ఉత్తరం వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి, తేదీ కుదరకపోతే దాని మీదున్న కన్వీనర్ నంబరుకి ఫోన్ చేస్తే మారుస్తారు.